రోడ్డు మీద వెన్నుపాము

“లేసింది! కాలు లేసింది! ఓ సత్తెవ్వా, ఉరికిరాయే!”

ఎల్లవ్వ వేసిన కేక చర్చి గల్లీ ఈ కొస నుంచి ఆ కొస దాకా వినిపించింది. కోరుట్లలో ఆ గల్లీ ఆడవాళ్లు పొద్దున ఎనిమిదింటికల్లా ఒళ్లో బీడీల చాట పెట్టుకుని కూర్చుంటారు. ఒకసారి కూర్చున్నాక పెళ్లి ఊరేగింపు వచ్చినా మెడ తిప్పుతారు తప్ప లేవరు. అలాంటివాళ్లు ఆ గురువారం చాటలు పక్కకు నెట్టి, చీరల మీది తునికాకు ముక్కలు దులుపుకుంటూ పరుగెత్తుకొచ్చారు.

పెరట్లో గిన్నెలు తోముతున్న సత్యవ్వ బూడిద చేతులతోనే లోపలికి ఉరికింది. నులక మంచం మీద తమ్ముడు యోహాను వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మంచం పక్కన తల్లి, ఆమె చేతిలో తడిగుడ్డ. దుబాయిలో కట్టుబడి మంచె మీంచి పడి నడుము విరిగి, నాలుగు నెలల కింద విమానంలోంచి స్ట్రెచర్ మీద దిగిన మనిషి యోహాను. ఇరవై ఆరేళ్లవాడు. అప్పటినుంచి ఆ రెండు కాళ్లనూ తల్లే తుడవాలి, తల్లే మడవాలి, తల్లే పక్కకు తిప్పాలి.

“సూడు బిడ్డా, సూడు!” ఎల్లవ్వ తడిగుడ్డ అంచుతో కొడుకు కుడి అరికాలి మీద మడమ నుంచి వేళ్ల దాకా గీసింది.

బొటనవేలు పైకి లేచింది. మోకాలు మడుచుకుంది. తొడ పొట్టవైపు ముడుచుకుని, కాలు మంచం మీంచి జానెడు లేచి, ఒక్క క్షణం ఆగి, దబ్బున పడింది.

ఇక చూడాలి ఆ సంబురం! ఒకామె ఏడ్చింది, ఇంకొకామె ఎల్లవ్వను వాటేసుకుంది, గుమ్మంలో ఉన్నవాళ్లు వెనకవాళ్లకు, వెనకవాళ్లు రోడ్డు మీదివాళ్లకు చెప్పారు. సత్యవ్వ అయితే చిన్నపిల్లలా ఎగిరింది. తమ్ముడి మొహం నిండా బూడిద చేతులతో నిమిరింది. యోహాను ఆమెను చూసి నవ్వాడు, తల్లిని చూసి నవ్వాడు, గుమిగూడిన అందరినీ చూసి నవ్వాడు.

సగం గడ్డం గీసుకున్న పాస్టర్ దేవదాస్, రెండో చెంప మీద సబ్బు నురగతోనే వచ్చాడు. ఆయనకోసం మళ్లీ గీశారు. మళ్లీ లేచింది.

“దేవునికి స్తోత్రం! గీ ఆదివారం గుళ్లె సాక్ష్యం చెప్పాలె తమ్మీ,” అన్నాడు దేవదాస్.

“చెప్తడయ్యగారూ, ఎందుకు చెప్పడు!” అంది ఎల్లవ్వ. వెంటనే గోడ మేకుకు గుచ్చిన పచ్చ చీటీని తీసింది. సోమవారం జగిత్యాలలో ఎవరో దాతలు చక్రాల కుర్చీలు పంచుతున్నారు. పోయిన వారం దేవదాసే నలుగురి కాళ్లావేళ్లా పడి యోహాను పేరు రాయించి ఆ చీటీ తెచ్చాడు. “ఇగ నడిచేటోనికి కుర్చీ ఎందుకయ్యగారూ? ఇంకొకలకియ్యుండ్రి.”

“సోమారం దాక ఉండనియ్యమ్మా. మనిషి సొంతంగ పోయి కూసుంటెనే ఇస్తరు. ఆ దినం పోకుంటె పేరు కొట్టేస్తరు. మల్ల ఎన్నేండ్లకో.”

“ఐతారం గుళ్లె నిలబడి దేవుడు కాలిచ్చిండని చెప్పి, సోమారం పోయి కుర్చీ తెచ్చుకుంటె దేవునికి ఏం మొకం చూపియ్యాలె? నాకద్దు. ఐతారం గుళ్లెనే మీ చేతుల పెడ్త.” ఎల్లవ్వ చీటీ మడిచి జాకెట్లో దోపుకుంది.

యోహాను ఏదో అనబోయాడు. కానీ అప్పటికే గల్లీలోంచి రెండో విడత జనం వచ్చారు. ఎల్లవ్వ మళ్లీ గుడ్డ తడిపింది.

మూడోసారి, నాలుగోసారి, ఐదోసారి. సత్యవ్వ ఐదోసారి కాలిని చూడలేదు, కాలు లేచిన ఎత్తును చూసింది. అదే జానెడు. అదే చోట ఆగడం. అలాగే పడటం. సంబురంగా ఒకసారి, నెమ్మదిగా ఒకసారి, యోహాను పక్కవాళ్లతో మాట్లాడుతుండగా ఒకసారి ఎల్లవ్వ గీసింది. కాలుకు అవేమీ పట్టలేదు. ఎప్పుడైనా ఒకటే లెక్క.

ఆ లెక్క సత్యవ్వకు తెలుసు. ఆమె డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబులో అటెండరు. పద్నాలుగేళ్లుగా ప్రతి ఏడూ ప్రాక్టికల్స్‌కు కప్ప తలకాయ తీసి, మొండాన్ని స్టాండుకు వేలాడదీసేది ఆమే. పిల్లలు దాని కాలివేలిని పలచటి ఆమ్లంలో ముంచేవాళ్లు. తలలేని కప్ప కాలు ముడుచుకునేది. మళ్లీ ముంచితే మళ్లీ అంతే ముడుచుకునేది.

సత్యవ్వ గిన్నెలు తోమడానికి తిరిగి పెరట్లోకి పోయింది. చేతులు మాత్రం కదల్లేదు.

&nbsp;

తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలై అప్పటికి రెండు వారాలు దాటింది. బస్సులు డిపో దాటలేదు, బళ్లు తెరవలేదు, కాలేజీ గేటుకు తాళం పడింది. శుక్రవారం పొద్దున సత్యవ్వ దీక్షా శిబిరానికి వెళ్లేసరికి టెంటు కింద రాజమౌళి సార్ నిలబడే ఉన్నాడు. జువాలజీ లెక్చరరు. సిరిసిల్ల నేతగాళ్ల ఇంటి బిడ్డ. మాట్లాడేటప్పుడు ఆయన చేతులు ఒక్క క్షణం ఊరికే ఉండవు.

“అచ్చినవా సత్యవ్వా! నీ కోసమే చూస్తున్న. నిన్న మా బాపు ఫోన్ చేసిండు. సిరిసిల్లల నడిరోడ్డు మీద మగ్గం పెట్టి నేస్తున్నరట! కటింగ్ షాపులోళ్లు రోడ్డు మీదనే గడ్డాలు గీస్తున్నరు. కుమ్మరోళ్లు సారె తిప్పుతున్నరు. ఎవరి పని వాళ్లు రోడ్డెక్కిచ్చిండ్రు. మరి మన పనేంది?”

“పాఠం చెప్పుడు సార్.”

“అగో! రేపు మూడింటికి జగిత్యాల రోడ్డుకు అడ్డంగ బోర్డు పెట్టి పాఠం చెప్తున్న. వెన్నుపాము! ఉత్త బొమ్మ గీస్తె ఎవరు చూస్తరు? అసలుది చూపియ్యాలె. గొర్రెది. తలకాయ కింది నుంచి తోక దాక తెగకుంట తియ్యాలె. నీ చెయ్యి తప్ప కోరుట్లల ఇంకో చెయ్యి తియ్యలేదు.”

వేరే రోజైతే ఈ మాటకు సత్యవ్వ వారం పాటు గాల్లో తేలేది. ఆ రోజు తల మాత్రం ఊపింది.

“సార్, ఒకటి అడుగుత. కప్పకు తలకాయ తీసినంక గూడ కాలు గుంజుకుంటది గదా. మనిషికి గూడ గట్లనే ఉంటదా?”

రాజమౌళికి ఇలాంటి ప్రశ్న దొరికితే పండగే. కుర్చీ లాక్కుని, పక్కన పడి ఉన్న కరపత్రం వెనక బొమ్మ గీయడం మొదలుపెట్టాడు. “మంచిగ అడిగినవ్! మనిషికీ అంతే. చర్మం మీదికెళ్లి కబురు నరంల పడి వెన్నుపాములకు పోతది. అక్కడికక్కడే ఇంకో నరం కండకు హుకుం ఇస్తది. మెదడు దాక పోనే పోదు. నడుము విరిగినోళ్లను చూడు, మొదట్ల నెలో రెండు నెలలో కాళ్లు మొద్దుబారి పడి ఉంటయి. తర్వాత వెన్నుపాము కింది ముక్క మెల్లగ తేరుకుంటది. పైతోని సంబంధం ఉండది, గని తన పని తను షురూ చేస్తది. ఇట్ల గీకితె అట్ల లేస్తది. పాపం ఇంట్లోళ్లు నడకచ్చిందని ఒకటే...”

ఆయన చెయ్యి ఆగిపోయింది. సత్యవ్వ మొహం చూశాడు.

“ఎవరికి సత్యవ్వా?”

చెప్పింది. తడిగుడ్డ, జానెడు ఎత్తు, ఆదివారం సాక్ష్యం, సోమవారం కుర్చీ అన్నీ చెప్పింది.

రాజమౌళి కరపత్రాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. “నేను డాక్టర్ను గాదు. కాలు లేసుడు ఒక్కటి చూసి అటూ ఇటూ చెప్పరాదు. దవాఖాన కాయిదాలల్ల ఏం రాసిండ్రు?”

“పూర తెగిందని రాసిండ్రు సార్.”

“అయితె ఒక పని చెయ్. కండ్లు మూసుకొమ్మని ఏ వేలు ముట్టిన్నో అడుగు. ఎవరూ ముట్టకుంట కాలు లేపుమని అడుగు. ఎవరినో గాదు, ఆయననే అడుగు.”

ఎంత చిన్న పని! సత్యవ్వ ఇంటికి పోయి ఆ సాయంత్రం మూడుసార్లు మంచం దగ్గరికి వెళ్లింది. మొదటిసారి ఎల్లవ్వ కొడుకుకు ఆదివారం తొడగాల్సిన తెల్లంగీ గుండీలు కుడుతోంది. రెండోసారి పక్కింటివాళ్లకు కాలు చూపిస్తోంది. మూడోసారి తల్లి లేదు, యోహాను ఒక్కడే ఉన్నాడు. “ఏందక్కా?” అన్నాడు. “ఏం లేదురా, మంచినీళ్లు గావాల్నా?” అనేసి బయటికి వచ్చింది. నాలుగు నెలల తర్వాత తల్లి మొహంలోకి వచ్చిన నవ్వును తన చేతులతో తుడిచెయ్యాలంటే ఆమెకు బుగులు పుట్టింది. చెప్పకపోతే కుర్చీ పోతుంది. చెబితే ఇల్లే కూలుతుంది. ఏం చెయ్యాలె దేవుడా అని మనసులో తిట్టుకుంది, ఎవర్ని తిడుతోందో ఆమెకే తెలియలేదు.

&nbsp;

“ముక్కలు కొట్టకు భాయ్. మెడ కాడికెళ్లి తోక దాక వెన్ను సాంతం గావాలె.”

శనివారం పొద్దున మటన్ దుకాణం గఫూర్ కత్తి పక్కన పెట్టి సత్యవ్వను ఎగాదిగా చూశాడు. “గింత పొడుగు బొక్క ఏ గంజుల పడ్తది సత్యవ్వా?”

“కూరకు గాదు. పాఠానికి.”

“గొర్రెకు పాఠం చెప్తవా?”

“మనకే అది చెప్తది. మూడింటికి రోడ్డు మీదికి రా, నీకు గూడ అర్థమైతది.”

ల్యాబు తాళంచెవి ఆమె దగ్గరే ఉంది. ఎముకలు కత్తిరించే కత్తెర, ట్రే, పట్టకార్లు అన్నీ లోపలున్నాయి. కానీ సమ్మెలో తలుపు తెరిస్తే సమ్మె విరిచినట్టే. అందుకని కరెంటు పనివాడి దగ్గర కటింగ్ ప్లేయర్ అడిగి తెచ్చుకుంది. పెరట్లో సిమెంటు సంచి పరిచి, కొంగు నడుముకు దోపి కూర్చుంది. ఎండ కోసం యోహాను మంచాన్ని కూడా అక్కడే వేశారు.

ముందు వెన్నుకు అంటుకున్న మాంసాన్ని చాకుతో గీకి తీసింది. తర్వాత వీపు వైపు నుంచి మొదలుపెట్టింది. ప్రతి వెన్నుపూసకూ పైన చిన్న కమాను ఉంటుంది. దాన్ని ఎడమపక్క ఒకసారి, కుడిపక్క ఒకసారి టక్కుమని కొరికి, మూతలా పైకి లేపాలి. ప్లేయర్ మొన నూలుపోగంత లోపలికి పోయినా అంతే, కింద ఉన్నది వెన్నలాంటి వస్తువు, నలిగిపోతుంది. ఒక మూత, రెండు మూతలు, పది మూతలు. చెమట ముక్కు మీంచి కారుతున్నా తుడుచుకోలేదు. నిన్నటి దిగులంతా ఎటు పోయిందో! చేతుల్లోకి పని వస్తే సత్యవ్వ వేరే మనిషి.

“అబ్బ!” అన్నాడు యోహాను.

ఎముకల కాలవలో తెల్లటి తాడు కనిపిస్తోంది. చూపుడువేలంత లావు, పైన గట్టి పొర. ప్రతి పూస దగ్గరా అటొకటి ఇటొకటి నరాలు బయటికి పోతున్నాయి. సత్యవ్వ పొరను చింపకుండా, ఒక్కో నరాన్నీ కాస్త తోక ఉంచి కోస్తూ, వేలితో తాడును కొద్దికొద్దిగా లేపుతూ వచ్చింది. చివరికి వచ్చేసరికి తాడు సన్నబడి, నరాల కుచ్చుగా విడిపోయింది. రెండు అరచేతుల మీద మొత్తం పైకెత్తింది. ఎక్కడా తెగలేదు.

“అచ్చింది!” అని అరిచింది. “సూడురా తమ్మీ, తలకాయ కాడికెళ్లి తోక దాక! ల్యాబుల మంచి కత్తెర ఉన్నా గిట్ల ఎన్నడు రాలే!”

ఉప్పునీళ్ల తాంబాళంలో దాన్ని పడుకోబెట్టింది. యోహాను మోచేతుల మీద లేచి వంగి చూశాడు. వేలితో మెల్లగా తాకాడు.

“నాది ఎక్కడ తెగిందక్కా?”

సత్యవ్వ ఒక చోట వేలు పెట్టింది. “ఈడ.”

“దీని కిందిది సచ్చిపోయిందా?”

“సావలే. ఉన్నది.”

“ఉండి ఏం చేస్తది?”

సత్యవ్వ నీళ్లలో చేతులు కడుక్కుంటున్నట్టు తల దించుకుంది. ఇప్పుడే అడగాలి. కండ్లు మూసుకో తమ్మీ, ఏ వేలు ముట్టిన్నో చెప్పు. నోటి చివరి దాకా వచ్చింది. ఈలోగా ఎల్లవ్వ, “వాని మంచం పక్కన గా బొక్కలేందే? రేపు గుడికి పొయ్యేటోడు!” అని కేకలు వేస్తూ వచ్చింది.

“అక్కా, పాఠానికి నన్ను గూడ తీస్కపో,” అన్నాడు యోహాను.

&nbsp;

మూడింటికి జగిత్యాల రోడ్డు మీద జనమే జనం. అటు పది లారీలు, ఇటు పదిహేను లారీలు ఆగిపోయాయి. డ్రైవర్లు క్యాబిన్ల మీద ఎక్కి కూర్చున్నారు. చర్చి గల్లీ ఆడవాళ్లు బీడీల చాటలతో సహా వచ్చి డివైడరు మీద వరసగా సర్దుకున్నారు. నల్లబోర్డును రెండు డ్రమ్ముల మీద నిలబెట్టారు. గల్లీవాళ్లు నలుగురు యోహాను మంచాన్ని ఎత్తుకొచ్చి ముందు వరసలో దించారు. కొడుకును ఊరందరూ చూస్తారని ఎల్లవ్వ తెల్లంగీ ఒకరోజు ముందే తొడిగింది.

రాజమౌళి సుద్దముక్క పట్టుకున్నాడో లేదో చేతులు లేచాయి.

“సత్యవ్వా, చూపియ్!”

సత్యవ్వ తాంబాళంలోంచి తాడును రెండు చేతుల మీద ఎత్తి పట్టుకుంది. ఓ అని గోల. వెనకవాళ్లు కనపడటం లేదని అరిస్తే ఆమె డ్రమ్ము ఎక్కి నిలబడింది.

“ఇదే వెన్నుపాము! దీన్ని తీసింది మన సత్యవ్వ. ఇప్పుడు చెప్పుండ్రి, బీడీలు చేస్తుంటె పక్కన మండుతున్న పొయ్యికి చెయ్యి తగిలింది. ఏం చేస్తరు?”

“గుంజుకుంటం!” అన్నారు ఆడవాళ్లు.

“ఆలోచించి గుంజుకుంటరా?”

“ఆలోచిస్తె కాలదా సారూ!”

“అగో! గదే పాఠం. కాలిందని కబురు పైన మెదడుకు పోవాలె. మెదడంటె ఢిల్లీ అనుకోండ్రి. అక్కడ ఫైలు టేబుల్ మీదికెళ్లి టేబుల్ మీదికి తిరగాలె, కమిటీ వెయ్యాలె, సంతకం గావాలె. ఆ సంతకం అచ్చేదాక చెయ్యి మిగులుతదా?”

“మిగలది!”

“అందుకే వెన్నుపాము ఢిల్లీని అడగది. ఇక్కడి ఫైసలా ఇక్కడనే చేస్తది!”

జై తెలంగాణ నినాదాలతో రోడ్డు అదిరింది. లారీ డ్రైవర్లు హారన్లు కొట్టారు. బందోబస్తుకు వచ్చిన కానిస్టేబుల్ హన్మంతు నవ్వు ఆపుకోలేక టోపీ సర్దుకున్నాడు. రాజమౌళి ఆయన్ను వదల్లేదు.

“హన్మంతన్నా, రా, కుర్చీల కూసో. కాలు మీద కాలెయ్. భయపడకు, డ్యూటీకి ఏం గాదు.”

జనం తోసి మరీ కూర్చోబెట్టారు. రాజమౌళి అరచేతి అంచుతో ఆయన మోకాలిచిప్ప కింద టక్కున కొట్టాడు. బూటు కాలు ముందుకు ఎగిరింది. జనం పడీపడీ నవ్వారు.

“సారూ, నేను తన్నలే! నిజంగ నేను లేపలే!” అన్నాడు హన్మంతు, రెండు చేతులూ ఎత్తి.

“నువ్వు లేపలేదు. నీ వెన్నుపాము లేపింది. నిన్ను అడగలే. లేసినంకనే నీకు ఎర్కయింది.”

“సార్, నాది గూడ కొట్టి చూడుండ్రి.”

గొంతు మంచం మీంచి వచ్చింది. రాజమౌళి సత్యవ్వ వైపు చూశాడు. ఆమె డ్రమ్ము దిగి, తాడును నీళ్లలో పెట్టి, పరుగెత్తుకుంటూ మంచం దగ్గరికి వచ్చింది. “అద్దురా, అలసిపోతవ్,” అంది. తనకే నమ్మకం లేని మాట.

“లేపి కూసోబెట్టక్కా.”

కూర్చోబెట్టింది. వీపుకు తన ఛాతీ ఆనించి, చంకల కింద చేతులు వేసి పట్టుకుంది. కాళ్లు మంచం పట్టె మీంచి కిందికి వేలాడాయి. రాజమౌళి వంగి, మెల్లగా, హన్మంతుకు కొట్టిన దాంట్లో సగం బలంతో కొట్టాడు. కాలు రెట్టింపు ఎత్తు ఎగిరింది. పడ్డాక కూడా ఆగకుండా అదిరింది.

“దేవునికి స్తోత్రం!” అని ఎల్లవ్వ చేతులెత్తింది. జనం చప్పట్లు కొట్టారు.

“అవ్వా,” అన్నాడు యోహాను. “నేను లేపలే.”

చప్పట్లు ముందు వరసలో ఆగాయి, వెనక ఇంకా కొడుతున్నారు.

“ఆ పోలీసు సార్‌కు కొట్టింది తెలిసింది, లేసింది తెలిసింది. నాకు రెండూ తెల్వయి. చూస్తె కనబడుతది, గంతే.” అతను జనం వైపు తిరిగి నవ్వాడు. “నా నడుము కిందికి రాష్ట్రం ఎప్పుడో అచ్చింది సార్. నన్ను అడుగుతనే లేదు!”

ఒక్కసారి నవ్వు పేలింది. నవ్వినవాళ్లే నాలిక కరుచుకున్నారు. యోహాను మాత్రం నవ్వుతూనే ఉన్నాడు, ఈసారి ఎవరికోసమో నవ్విన నవ్వు కాదది.

ఎల్లవ్వ చేతులు ఇంకా పైనే ఉన్నాయి. “గదేందిరా కొడుకా? మొన్న బేస్తారం అందరి ముంగట...”

“బేస్తారం గూడ నేను లేపలేదవ్వా.”

“మరి బేస్తారమే ఎందుకు చెప్పలేరా?”

“నువ్వు అంత సంబురపడ్డవు. ఒక్క దినం పడనీ అనుకున్న. రెండో దినం చెప్దామంటె జనం. మూడో దినం అంగీ తొడిగితివి.” యోహాను తల వెనక్కి తిప్పి అక్కను చూశాడు. “కాలు నాది గదా. నేను లేపిన్నో లేదో నాకు ఎర్క ఉండదా? లేసింది లేసింది అని అందరన్నరు. లేపినవారా అని ఒక్కలన్న నన్నడిగిండ్రా?”

సత్యవ్వకు చెంప మీద కొట్టినట్టయింది. పద్నాలుగేళ్లు ల్యాబులో గడిపింది. రెండు రోజులు నిద్ర లేకుండా తిరిగింది. ఆయననే అడుగు అని సార్ చెప్పి మరీ పంపాడు. తమ్ముడికి చెప్పాలా వద్దా అని చచ్చిపోయింది తప్ప, తమ్ముడికి తెలిసే ఉంటుందన్న ఆలోచనే రాలేదు. స్టాండుకు వేలాడదీసిన కప్పను ఎవరడుగుతారు? తన తమ్ముణ్ణి కూడా అలాగే చూసింది. సిగ్గుతో, ప్రేమతో అతన్ని ఇంకా గట్టిగా హత్తుకుంది.

“అడగకపోతిరా తమ్మీ. తప్పయింది.”

“ఇప్పుడడుగు.”

“ఏం గావాలెరా నీకు?”

“కుర్చీ.”

ఎల్లవ్వ డివైడరు మీద, చాటల మధ్యలో కూలబడింది. గల్లీ ఆడవాళ్లు ఆమె వీపు రాశారు. కొంచెంసేపటికి జాకెట్లోంచి పచ్చ చీటీ తీసి, చెమటకు తడిసిన మడతలు ఒక్కొక్కటే విప్పి, ఒళ్లో పెట్టుకుని సాపు చేసింది. అక్షరాలు అలుక్కుపోలేదు కదా అని పక్కామెకు చూపించింది.

“పేరు కనబడుతుందాయే? సదువు జెర.”

రాజమౌళి సుద్దముక్క కింద పడేసి, మళ్లీ తీసుకున్నాడు. “సోమారం నా దోస్తు ఆటో తెస్త,” అన్నాడు యోహానుతో. “జెండా కడ్త. దారిల ఎవడు ఆపుతడో చూస్త.”

&nbsp;

ఆదివారం గుళ్లో దేవదాస్ రెండు చెంపలూ నున్నగా గీసుకుని వచ్చాడు. శనివారం పాఠానికి ఆయనా వచ్చాడు, ఎక్కడో లారీ పక్కన నిలబడి అంతా విన్నాడు. సాక్ష్యం సంగతి ఏం చేద్దామని ఎల్లవ్వ భయంభయంగా అడిగితే, “ఉన్నది ఉన్నట్టు చెప్పుడే గదమ్మా సాక్ష్యమంటె. నిన్ననే చెప్పిండు,” అన్నాడు. ఎల్లవ్వకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది. సాయంత్రం తడిగుడ్డతో కొడుకు కాళ్లు తుడుస్తుంటే కుడికాలు లేచింది. “లెవ్వు లెవ్వు, నీ ఇష్టం,” అని కాలుతో అనేసి రెండోది తుడిచింది.

సోమవారం ఆటో ముందు జెండా, వెనక యోహాను, అతన్ని చెరోపక్క పట్టుకుని తల్లీ అక్కా. దారిలో మూడుచోట్ల రాస్తారోకో. మూడుచోట్లా రాజమౌళి దిగి చేతులు ఊపుతూ కథంతా చెప్పాడు. రెండోచోట వాళ్లు దారి ఇవ్వడమే కాదు, వంటావార్పులో వండిన పులిహోర ఆకులో పెట్టి చేతికిచ్చారు. మూడోచోట ఆటో మొరాయిస్తే పదిమంది తోశారు. జగిత్యాల చేరేసరికి పంపకం సగమైపోయింది.

“యోహాను ఉన్నడా? యోహాను!”

“ఉన్న! ఉన్న!” అని అరిచాడు యోహాను. అంత గొంతు అతనిలో ఉందని సత్యవ్వ మరిచేపోయింది.

ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టారు. కాళ్లను కింది పలకల మీద పెట్టారు. కుడికాలు ఒకసారి ఎగిరి కిందికి జారింది. యోహాను వంగి, రెండు చేతులతో దాన్ని పట్టుకుని మళ్లీ పలక మీద పెట్టాడు. తర్వాత చక్రాల మీద చేతులు వేశాడు. వెనక పిడులు ఎల్లవ్వ చేతుల్లో ఉన్నాయి.

“ఇడ్సిపెట్టవ్వా.”

“పడ్తవు కొడుకా.”

“పడితె పడ్త. ఇడ్సిపెట్టు.”

ఎల్లవ్వ ఒక చెయ్యి తీసింది. తర్వాత రెండోది తీసింది. కుర్చీ ముందుకు పోకుండా గిర్రున పక్కకు తిరిగి గోడ వైపు పోయింది. సత్యవ్వ ఉరకబోయి ఆగింది. యోహాను ఎడమచెయ్యి బిగించి, కుడిచక్రాన్ని తిప్పి, గోడకు మూరెడు దూరంలో మలుపు తిప్పాడు. మెడ నరాలు ఉబ్బాయి. గేటు గడప దగ్గర ఒకసారి ఇరుక్కుంది. వెనక్కి లాగి, మళ్లీ ఊపిచ్చి, దాటించాడు.

రోడ్డు మీదికి వచ్చాక ఆగాడు. బస్సుల్లేని రోడ్డు రెండు వైపులా ఖాళీగా, వెడల్పుగా ఉంది. ఎల్లవ్వ రొప్పుతూ పక్కకు వచ్చి నిలబడింది. పిడుల మీద చెయ్యి వేయబోయి, వెనక్కి తీసుకుంది.

“ఎటు పోదాం కొడుకా?” అని అడిగింది.

యోహాను కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. తొందరేమీ లేనట్టు మళ్లీ కుడివైపు చూశాడు.

“ముందుగాల చాయ్ తాగుదాం పా,” అని చక్రం తిప్పాడు. అతన్ని అందుకోవడానికి తల్లీ అక్కా గబగబా నడవాల్సి వచ్చింది.